కేటలాగులో ధర ఉంది, కొనేవాడేడీ?

చిట్టీ, నీ ప్రశ్న ఫోనులో రెండు ముక్కల్లో తేలేది కాదు, అందుకే తీరిగ్గా రాస్తున్నాను. జర్మనీలో నువ్వు అద్దెకుంటున్న ఇంటావిడ వాళ్ళాయన పోగుచేసిన నాణేల ఆల్బం అమ్మాలనుకుంది. కేటలాగు ముందేసుకుని ఒక్కోదానికి అంకె వేసి కూడితే నాలుగు వేల యూరోలు దాటింది. నాణేల కొట్టాయన అదే ఆల్బం తిరగేసి ఎనిమిది వందలిస్తానన్నాడు. "తాతయ్యా, ఇందులో మోసం ఎవరిది?" అని నువ్వు అడిగావు.

ఎవరిదీ కాకపోవచ్చు. ఇద్దరూ ధరే చెప్పారు, కాకపోతే ఒకరు చెప్పింది కొనే ధర, ఇంకొకరు చెప్పింది అమ్మే ధర. మనూళ్ళో నగ కొనేటప్పుడు తరుగు, మజూరీ, రాళ్ళు, పన్ను అన్నీ కలిపి బిల్లు వేస్తారు. మర్నాడే అదే నగ వెనక్కి తీసుకెళ్తే కాటాలో వేసి బంగారం బరువొక్కటే లెక్కేస్తారు. కేటలాగులో ఉండేది ఆ మొదటి బిల్లు. అదీ నగ కొత్తగా ఉందనుకుని వేసిన బిల్లు.

జర్మనీలో నాణేలు పోగుచేసేవాళ్ళ బల్ల మీద సాధారణంగా కనబడే పుస్తకం యేగర్. కుర్ట్ యేగర్ అనే ఆయన 1871 తరవాత వచ్చిన జర్మన్ నాణేలకి వరసగా నంబర్లు వేశాడు. ఇప్పటికీ ఆ పుస్తకం ఎప్పటికప్పుడు కొత్త ధరలతో అచ్చవుతోంది. ఒక్కో నాణేనికి సంవత్సరం, టంకశాల గుర్తు, ఎన్ని వేశారన్న లెక్క ఉంటాయి. పక్కనే నాణెం స్థితిని బట్టి నాలుగైదు నిలువు వరసల్లో ధరలుంటాయి: బాగా అరిగినదానికి ఒకటి, కొద్దిగా అరిగినదానికి ఒకటి, అచ్చులోంచి అప్పుడే వచ్చినట్టున్న ష్టెంపెల్‌గ్లాంట్స్‌కి ఒకటి, అద్దంలా మెరిసే ష్పీగెల్‌గ్లాంట్స్‌కి ఒకటి. ఇంట్లో కూర్చుని లెక్కేసుకునేవాళ్ళ కన్ను సహజంగా కుడివైపు వరస మీదే పడుతుంది. జేబుల్లో తిరిగిన నాణేలు చాలావరకు ఎడమవైపు వరసల్లోవి. సగం తేడా అక్కడే వచ్చేస్తుంది.

పోనీ వరస సరిగ్గానే చూసుకున్నారనుకుందాం. ఆ గళ్ళలో అంకెలు ఎలా వస్తాయో ఎప్పుడైనా ఆలోచించావా? సంపాదకులు దుకాణాల ధరల పట్టీలు, వేలం ఫలితాలు చూస్తారు, వ్యాపారులని అడుగుతారు. ఎక్కువగా చేతులు మారే నాణేలకి ఈ పద్ధతి బాగానే పనిచేస్తుంది. కానీ పుస్తకంలో గళ్ళు వేలకొద్దీ ఉంటాయి. ఫలానా ఏడు, ఫలానా టంకశాల, ఫలానా స్థితిలో ఉన్న నాణెం ఏడాది పొడుగునా ఒక్కటి కూడా అమ్ముడుపోకపోవచ్చు. అయినా గడి ఖాళీగా ఉంచరు, పక్క గడిని బట్టి ఒక అంకె వేస్తారు. మా ప్రయోగశాలలో ఎవరైనా కొలవకుండానే రీడింగు రాస్తే రికార్డు పుస్తకం విసిరికొట్టేవాణ్ణి. ఇక్కడ అదే పని అచ్చులో కనబడేసరికి నమ్మబుద్ధవుతుంది.

ఇంకో సంగతి, ఆ అంకెలు పెరిగినంత తేలిగ్గా తగ్గవు. పుస్తకం కొనేది ఎవరు? ఆ నాణేలు పెట్టెలో పెట్టుకున్నవాళ్ళే. తన ఆస్తి ఏటా కరిగిపోతోందని చెప్పే పుస్తకాన్ని డబ్బిచ్చి కొనుక్కోవాలని ఎవరికుంటుంది? అందుకని వాళ్ళలో వాళ్ళే ఒక సర్దుబాటు చేసుకున్నారు. బేరం దగ్గర "కేటలాగులో సగం", "కేటలాగులో మూడో వంతు" అనుకుంటారు. అలా చూస్తే యేగర్ ధర డబ్బు లెక్క కన్నా కొలబద్దగానే ఎక్కువ పనికొస్తుంది. ఏ నాణెం కన్నా ఏది అరుదో చెప్పడంలో అది నిఖార్సైనది.

వేలం ధర కూడా ఒక్కటి కాదు. సుత్తి వంద యూరోల దగ్గర పడిందనుకో. కొన్నవాడు దాని మీద ఇరవై శాతం రుసుము కడితే అతని చేతిలోంచి పోయేది 120. అమ్మినవాడి దగ్గర పదిహేను శాతం పట్టుకుంటే అతని చేతికొచ్చేది 85. నాణెం ఒకటే, రోజూ ఒకటే, ధరలు మూడు. పత్రికలో వచ్చేది ఒకటి, మీ ఇంటావిడకి కావలసింది ఇంకొకటి. ఇక ఇంటర్నెట్‌లో జనం పెట్టుకునే ధర ఉందే, అది కోరిక మాత్రమే. ఐదు వందలకి పెట్టిన నాణెం ఐదేళ్ళు అలాగే పడుంటుంది, అదే నాణెం నలభైకి పెట్టినవాడిది మధ్యాహ్నానికి పోతుంది. వెతికేవాడికి కనబడేది ఆ పోనిదే. అందుకే ఈబేలో "అమ్ముడైనవి" అన్న గడి టిక్కు పెట్టి చూడమంటాను. అందులోనూ అన్నిటికన్నా పైనున్న అంకె వదిలేసి మధ్యలో దాన్ని పట్టుకో.

ఇక అసలు కబురు. కొన్ని నాణేలు నిజంగానే ఎందుకు అరుదయ్యాయి?

పశ్చిమ జర్మనీలో 1951 నుంచి 1974 దాకా ఐదు మార్కుల వెండి నాణెం వేసేవారు. పక్షిరాజు బొమ్మ, 29 మిల్లీమీటర్ల వెడల్పు, 11.2 గ్రాముల బరువు, అందులో సరిగ్గా ఏడు గ్రాములు అసలు వెండి. మన నాణేల మీద హైదరాబాద్ టంకశాలకి నక్షత్రం గుర్తు ఉన్నట్టు వాళ్ళ టంకశాలలకి అక్షరాలుంటాయి. మ్యూనిక్‌కి డి, స్టుట్‌గార్ట్‌కి ఎఫ్, కార్ల్స్‌రూహెకి జి, హాంబర్గ్‌కి జె. దేశం కలిసిపోయాక బెర్లిన్ ఏ కూడా చేరింది. 1958లో హాంబర్గ్‌లో ఈ ఐదు మార్కులు వేసింది 60,000 మాత్రమే. అవి దాచుకోమని వేసినవి కావు, రొట్టెల కొట్టుకీ సారాకొట్టుకీ తిరిగాయి, అరిగాయి, రైలు పట్టాల మధ్య పడిపోయాయి, చివరికి వెండి నాణేలు రద్దయినప్పుడు బ్యాంకుకి చేరి కరిగిపోయాయి. పెట్టెల్లో మిగిలినవి కొద్ది. అందుకే 1958 జె ఇప్పటికీ పలుకుతుంది, దానికి నకిలీలు కూడా తిరుగుతుంటాయి.

ఇప్పుడు 1972 మ్యూనిక్ ఒలింపిక్స్ పది మార్కుల నాణేలు చూడు. ఆరు రకాలు, మొత్తం దాదాపు పది కోట్లు వేశారు. మొదటి రకం మీద ఆటలు "జర్మనీలో" అని రాశారు. తూర్పు జర్మనీ అభ్యంతరం పెడితే తరవాత "మ్యూనిక్‌లో" అని మార్చారు. ఇంత కథ ఉన్న నాణేనికి ఎంత విలువ రావాలి! కానీ మొదటి రకమే కోటి ఉంది, దాన్ని కొన్న ప్రతివాడూ భద్రంగా దాచాడు. ఖర్చుపెట్టినవాడు లేడు, పోగొట్టుకున్నవాడు లేడు. నాణెం అరుదు కావాలంటే జనం దాన్ని నిర్లక్ష్యం చేయాలి. దాచుకోమని వేసిన నాణేన్ని ఎవరూ నిర్లక్ష్యం చేయరు, అది ఎప్పటికీ అరుదు కాదు. ఈ యాభై ఏళ్ళ జర్మన్ నాణేల బాధంతా ఇందులోనే ఉంది. ఎన్ని వేశారన్న లెక్క పుస్తకంలో ఉంటుంది, ఎన్ని మిగిలాయన్న లెక్క ఎక్కడా ఉండదు. కొత్త నాణేల విషయంలో ఆ రెండూ దాదాపు ఒకటే.

అంటే జ్ఞాపిక నాణేలన్నీ పనికిరావని కాదు. న్యూరెంబర్గ్‌లోని జర్మన్ జాతీయ మ్యూజియం పేర 1952లో, షిల్లర్ పేరా బాడెన్ ప్రభువు పేరా 1955లో, ఐషెన్‌డోర్ఫ్ పేర 1957లో, ఫిష్టే పేర 1964లో ఐదు మార్కుల నాణేలు వేశారు. వీటిని "మొదటి ఐదు" అంటారు. మొదటి నాలుగూ రెండేసి లక్షల చొప్పునే. యుద్ధం ముగిసి ఎన్నాళ్ళూ కాని ఆ రోజుల్లో ఐదు మార్కులు జేబులో ఉంచుకుని ముచ్చటపడే స్తోమత ఎందరికుండేది? తరవాత సంపన్న జర్మనీ వాటి వెంటపడింది, మ్యూజియం నాణెం వెయ్యి మార్కులు దాటి పైకెళ్ళింది. ఆ రోజుల్లో అంత పెట్టి కొన్నవాళ్ళు ఇవాళ ఆ డబ్బు వెనక్కి రాబట్టలేరు. నాణేలు ఎక్కువ కాలేదు, కొనేవాళ్ళు తగ్గారు. ఆ తరానికి వయసైపోయింది, ఆల్బంలు వారసుల చేతికొచ్చాయి, వారసులంతా ఒక్కసారే కొట్టు తలుపు తడుతున్నారు. మీ ఇంటావిడ ఆ వరసలో నిలబడింది, పాపం.

కొట్టాయన ఆ ఆల్బం తిరగేస్తూ మనసులో ఏం లెక్కేసుకున్నాడో చెబుతాను. ముందు లోహం. ఒలింపిక్ పది మార్కులు 15.5 గ్రాములు, వెయ్యికి 625 పాళ్ళు వెండి, అంటే 9.69 గ్రాముల వెండి. దీనికి కింద ఇంకో ఆధారం కూడా ఉంది. జర్మనీ కేంద్ర బ్యాంకు బుండెస్‌బ్యాంక్ పాత మార్కుల్ని గడువు లేకుండా ఇప్పటికీ మార్చి ఇస్తుంది, ఒక యూరోకి 1.95583 మార్కుల లెక్కన. ముందే రద్దయిన పాత నాణేలు కొన్ని తప్ప అన్నీ తీసుకుంటుంది. పది మార్కులు తీసుకెళ్తే 5.11 యూరోలు చేతిలో పెడతారు. వెండి గ్రాము 53 సెంట్ల లోపుంటే బ్యాంకు మేలు, అది దాటితే కంసాలి మేలు. ఈ రెండిట్లో ఏది ఎక్కువైతే అది నాణేనికి నేల. చాలా నాణేల అసలు ధర ఆ నేలకి అంగుళం పైనే తిరుగుతుంటుంది, కేటలాగు మాత్రం మేడ మీదుంటుంది.

పక్షిరాజు ఐదు మార్కులు ఆ రద్దయిన వాటిలోదే. దానికి బ్యాంకు నేల లేదు, వెండి నేల ఒక్కటే. 1975లో దాని స్థానంలో వచ్చిన ఐదు మార్కుల్లో వెండి లేదు, నడుమ నికెల్ పొర, పైనా కిందా రాగి-నికెల్ మిశ్రమం. రెండూ ఒకే వెడల్పు. తేడా చూడాలంటే ఫ్రిజ్ మీది అయస్కాంతం చాలు. కొత్తది అంటుకుంటుంది, వెండిది కదలదు. తూస్తే కొత్తది పది గ్రాములు, పాతది 11.2. ఇంకా అనుమానమైతే ఆర్కిమెడీస్‌ని పిలు. వెండి నాణేన్ని దారానికి కట్టి నీళ్ళలో వేలాడదీసి తూస్తే బరువు దాదాపు 1.14 గ్రాములు తగ్గాలి. బాగా ఎక్కువో తక్కువో తగ్గిందంటే లోహమే వేరు.

అయస్కాంతంతో ఇంకో వేట ఉంది. రెండు ఫెనిగ్‌ల (ఫెనిగ్ అంటే మార్కులో నూరో వంతు) బిళ్ళ మొదట కంచుతో వేసేవారు, తరవాత రాగి పూసిన ఉక్కుతో వేశారు. ఆ మార్పు సమయంలో, 1967లో, కార్ల్స్‌రూహెలో ఉక్కుతో వేసినవి 520, అన్నీ అద్దం మెరుపువే. అదే ఏడు, అదే జి అక్షరం ఉన్న కంచు బిళ్ళ మామూలుది. చూపుకి రెండూ ఒకటే. అయస్కాంతానికి ఎగిరి అంటుకున్నది దొరికితే నాకు వెంటనే ఫోన్ చేయి, రాత్రి రెండైనా ఫరవాలేదు.

ఆ కార్ల్స్‌రూహె వాళ్ళకి ఇంకో చరిత్ర ఉంది. 1950లో అన్ని టంకశాలలూ నాణేల మీద "జర్మనీ సమాఖ్య గణతంత్రం" అని వేస్తుంటే, వీళ్ళు యాభై ఫెనిగ్‌ల మీద అంతకుముందు నాణేల మీదుండే బ్యాంకు పేరే వేసి 30,000 బయటికి వదిలారు. పొరపాటు కాస్తా పోగుచేసేవాళ్ళకి పండగైంది. సరే, ఇలాంటి అరుదైన నాణేలకి ఇంత గిరాకీ ఉందని టంకశాలలో పనిచేసేవాళ్ళకి తెలియదా? 1970లలో ఆ టంకశాల లోపలివాళ్ళే అరుదైన రకాల్ని దొంగచాటుగా మళ్ళీ వేసి అమ్ముకున్నారని బయటపడింది, కోర్టుదాకా పోయింది. అదే టంకశాల, అవే యంత్రాలు, ముప్ఫై వేలని పుస్తకం చెబుతోంది. ఆ లెక్క మీద నమ్మకం ఎంత నిలుస్తుందో నువ్వే చెప్పు. అలాంటి నాణెం కొనాలంటే పేరున్న వేలంశాల వాడు రాసిచ్చిన హామీ కావాలి, ఆ హామీకీ ధర కట్టాలి.

నాకు బాగా ఇష్టమైనది ఒట్టో హాన్ నాణెం. యురేనియం కేంద్రకం చీలుతుందని 1938 చివర్లో బెర్లిన్‌లో కనిపెట్టిన రసాయనవేత్త ఆయన. కనబడింది ఆయనకీ ష్ట్రాస్‌మన్‌కీ, దాని అర్థం లెక్కకట్టి చెప్పింది లీజ మైట్నర్, ఆమె అక్క కొడుకు ఫ్రిష్. నోబెల్ మాత్రం ఒక్క హాన్‌కే వచ్చింది, అది వేరే రోజు తగువు. 1979లో ఆయన నూరో పుట్టినరోజుకి ఐదు మార్కుల జ్ఞాపిక వేశారు. ముందు వెండితోనే మొదలుపెట్టారు. ఆ ఏడు మొదట్లో ఔన్సు ఆరు డాలర్ల దగ్గరున్న వెండి, 1980 జనవరికల్లా యాభై డాలర్ల దరిదాపుల్లోకి పోయింది, హంట్ సోదరులు అమెరికాలో వెండంతా కొని పోగేస్తుండటంతో. ఐదు మార్కుల నాణెంలో ఐదు మార్కులకి మించిన వెండి పెట్టి జనానికిస్తే నేరుగా కంసాలి దగ్గరికే పోతుంది. అందుకని వేసిన వెండి నాణేల్ని కరిగించేసి, రాగి-నికెల్‌తో మళ్ళీ వేశారు. కరగకుండా తప్పించుకున్న వెండి హాన్‌లు గుప్పెడు. అవి వేలంలోకొస్తే పెద్ద కబురు. రాగి-నికెల్ హాన్‌కి మాత్రం బుండెస్‌బ్యాంక్ ఇచ్చే 2.56 యూరోలే దిక్కు. బొమ్మ అదే, కేంద్రకం చీలడమూ అదే.

యూరో వచ్చాకా ఇదే కథ మళ్ళీ నడిచింది. 2002 నుంచి 2010 దాకా పది యూరోల జ్ఞాపిక 18 గ్రాములు, 925 వెండి, అంటే 16.65 గ్రాముల వెండి. గ్రాము అరవై సెంట్లు దాటగానే నాణెం మీది అంకె కన్నా లోపలి లోహం ఎక్కువైపోయింది. 2011 నుంచి మామూలు పది యూరోలు రాగి-నికెల్‌కి మారాయి, అద్దం మెరుపువాటిలో మాత్రం తక్కువ పాళ్ళ వెండి ఉంచారు. 2016లో మళ్ళీ పాత 18 గ్రాముల 925 వెండికే పోయి, మీద ఇరవై యూరోలని వేశారు. వెండి గ్రాము 1.20 యూరోలు దాటితే అదీ దాటిపోయినట్టే. ఏ ఏడాది నాణెం ఏ లోహమో తెలియకుండా "పాత పది యూరోల జ్ఞాపిక" అని గంపగుత్తగా ధర కట్టేవాళ్ళ మాట వినకు. 2010దీ 2011దీ పక్కపక్కన పెడితే ఒకటే అనిపిస్తాయి.

ఏటా వేసే చెలామణి నాణేల సెట్లు ఆ ఆల్బంలో తప్పకుండా ఉంటాయి. ఒక సెంటు నుంచి రెండు యూరోల దాకా ఎనిమిదీ కూడితే 3.88 యూరోలు. డబ్బా, అట్ట, అద్దం మెరుపు కలిసి కొన్నప్పుడు దానికి ఎన్నో రెట్లు అయుంటుంది. అమ్మేటప్పుడు ఆ డబ్బాకి విలువ కట్టేవాళ్ళు తక్కువ. చెప్పడానికి బాధగానే ఉంది గానీ కొట్టాయన ఆ పేజీలు చకచకా తిప్పేసి ఉంటాడు.

ఒక్క మాట మాత్రం మీ ఇంటావిడకి ఈరోజే చెప్పు, నాణేల్ని తోమొద్దని. మనింట్లో వెండి కుందులు విబూదితో రుద్దినట్టు ఎవరైనా ఆ పక్షిరాజుల్ని రుద్దితే కేటలాగులో రెండు వరసలు ఒక్కసారిగా ఎడమకి జారతాయి. ఎందుకో చెబుతాను. అచ్చు దెబ్బ పడ్డప్పుడు లోహం నడుమ నుంచి అంచులకి పాకుతుంది. పాకిన దారి వెంట కంటికి విడివిడిగా కనబడనంత సన్నని గీతలు మిగులుతాయి. దీపం కింద నాణేన్ని మెల్లగా తిప్పితే ఒక వెలుగు చారిక నడుమ నుంచి చువ్వలా తిరుగుతుంది చూడు, అది ఆ గీతల పనే. రుద్దితే గీతలు పోతాయి, నాణెం మెరుస్తుంది గానీ వెలుగు తిరగదు. అలవాటున్నవాడు రెండు క్షణాల్లో పట్టేస్తాడు. గాలిలోని గంధకం తగిలి వెండి నల్లబడిందనుకో, అది వెండి సల్ఫైడు. పొర మరీ పల్చగా ఉన్నప్పుడు నీళ్ళమీద నూనె తెట్టులాగే పసుపు, ఊదా, నీలం రంగులు చూపిస్తుంది. ఆ రంగులకి ఎదురు డబ్బిచ్చేవాళ్ళున్నారు. రుద్దిన మెరుపుకి ఎవరూ ఇవ్వరు.

ఆవిడకి నా సలహా ఇదీ. ఆల్బం గంపగుత్తగా ఇవ్వొద్దు. వెండివీ బంగారపువీ ఉంటే ముందు విడదీసి తూచమను. 2001లో బుండెస్‌బ్యాంక్ వేయించిన బంగారు ఒక మార్కు ఉంటే పన్నెండు గ్రాముల మేలిమి, దాని లెక్క వేరు. తరవాత 1950ల నాణేల్లో సంవత్సరం, అక్షరం ఒక్కొక్కటే చూసి, పుస్తకంలో వేసిన సంఖ్య లక్షకి లోపున్నవి, "మొదటి ఐదు"లో ఏవైనా ఉంటే అవీ పక్కన పెట్టమను. వాటిని మాత్రం వేలంశాలకి చూపించాలి. మిగిలిన మార్కులు బుండెస్‌బ్యాంక్ శాఖలో ఇస్తే రుసుము లేకుండా యూరోలిస్తారు. ఇదంతా అయ్యాక కూడా నాలుగు వేలు రావని ముందే చెప్పి ఉంచు. ఎనిమిది వందల కన్నా మెరుగు మాత్రం రావచ్చు. కొట్టాయన కూడా బతకాలి కదా, అద్దె కట్టి, ఆ నాణేలు ఏళ్ళపాటు సొరుగులో పెట్టుకుని కూర్చునేది ఆయనే.

ఇదంతా చదివాక నీకూ ఒకటి కొనుక్కోవాలనిపిస్తుందని నాకు తెలుసు. 2016లో "భూగ్రహం" అనే ఐదు యూరోల నాణెం వచ్చింది. బయటి లోహానికీ లోపలి లోహానికీ మధ్య నీలంరంగు పాలిమర్ వలయం. అలా ప్లాస్టిక్ వలయంతో ప్రపంచంలో వచ్చిన మొదటి నాణెం అదే. బుండెస్‌బ్యాంక్ శాఖల ముందు జనం వరసలు కట్టారు, ఐదు యూరోలది సాయంత్రానికే కొన్ని రెట్లు పలికింది. ఇరవై లక్షల పైన వేసిన నాణెం అది, పారేసినవాడెవడూ లేడు. దాని వెనకాల వెళ్ళకు. అలాంటి వలయంతో కొత్తవి వచ్చినప్పుడు బ్యాంకులో నాణెం మీదున్న అంకెకే ఇస్తారు, అది తీసుకో, ఏ టంకశాల అక్షరమైనా ఫరవాలేదు. మోజు తీరిపోతే అదే నాణెంతో కూరగాయలు కొనుక్కోవచ్చు. జర్మనీలో చెల్లుతుంది, సరిహద్దు దాటితే చెల్లదు. కౌంటర్లో అమ్మాయి ఓసారి మేనేజర్ని పిలిచి అడుగుతుందేమో, అంతే.